సంచార విద్యకు పథకము వేసుకొనుట: వేలూరు–గుడియాత్తం దారి నేర్పే పాఠము



ఈ పాఠమును ఒక నోటుపుస్తకముతో మొదలుపెడుతున్నాము. గుడియాత్తంలో మన తెలుగు కుటుంబములలోని ఒక పెద్దావిడ కన్నుమూసిన తరువాత, ఆమె ఇనుపపెట్టె అడుగున చీరల క్రింద ఒక పాత నోటుపుస్తకము దొరికింది. ఆ ఇంటివారు చదువు లేనివారు కారు. కుమారుడు పదవ తరగతి దాటినవాడు, కోడలు ప్లస్ టూ, మనుమరాలు కాలేజీలో చదువుతున్నది. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడుతారు. అయినా ఆ పుస్తకములో ఒక్క వరుస కూడా ఎవరూ చదవలేకపోయారు, ఎందుకంటే వారి బడి చదువంతా తమిళములో జరిగింది, ఆ పుస్తకమేమో తెలుగు అక్షరాలలో ఉన్నది.

మమ్మల్ని వేలూరు నుండి పిలిపించి చదివించుకున్నారు. అందులో పిల్లలు పుట్టిన తేదీలు, చీటీ లెక్కలు, పలమనేరు వైపు బంధువుల పేర్లు, ఎవరికి ఎంత బాకీ తీర్చినదీ ఉన్నవి. చివరి పుటలో మనుమరాలిని గూర్చి నాలుగు మాటలు ఉన్నవి. మేము వాటిని పైకి చదివినప్పుడు ఆ బిడ్డ ఇలా అన్నది: "తాతయ్యా, అవ్వ నాకు రాసిన మాటను మీరు వచ్చి చదివి చెప్పాల్సి వచ్చిందే!"

ఆ మాట మాతోపాటు బస్సులో వేలూరు దాకా వచ్చింది. తరువాత మా సంఘములోని ఉపాధ్యాయులము కొందరము కూర్చుండి, తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని మన పిల్లలకూ స్త్రీలకూ ఫోను ద్వారా అక్షరాలు నేర్పే పని పెట్టుకున్నాము. ఇట్టి పనిని ఇప్పుడు మొబైల్ విద్య అంటున్నారు. దానికి పథకము ఎలా వేసుకోవాలో, ఎక్కడ పొరబడ్డామో మీతో పంచుకొనుటకు ఈ పాఠము వ్రాస్తున్నాము. చెన్నైలోగాని బెంగళూరులోగాని విదేశములోగాని స్థిరపడిన సంఘములకు కూడా ఇది ఉపయోగపడునని మా ఆశ.

1. మాట ఉన్నది, అక్షరము లేదు

మనవారు ఈ ప్రాంతమునకు కొత్తగా వచ్చినవారు కారు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడక ముందు చిత్తూరు, వేలూరు, గుడియాత్తం ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఆ తరువాత గీత పడింది గాని ఇంటిలోని భాష మారలేదు. నేతపని మీద వచ్చినవారు, చర్మపు పరిశ్రమలకు వచ్చినవారు, రైల్వేలోనూ ఆసుపత్రులలోనూ ఉద్యోగమునకు వచ్చినవారు ఇక్కడే ఇండ్లు కట్టుకున్నారు.

పిల్లలు తమిళము నేర్చుకొనుట మంచిదే. తాము బ్రదుకుతున్న నేల భాష రాకపోతే కచేరీలోను, పనిలోను, ఇరుగుపొరుగులోను వారే నష్టపోతారు. తమిళనాడు ప్రభుత్వము 2006లో తమిళ అభ్యసన చట్టము చేసి, 2006–07లో ఒకటవ తరగతితో ప్రారంభించి ఏటేటా ఒక్కొక్క తరగతి చొప్పున పదవ తరగతి వరకు తమిళమును తప్పనిసరి చేసింది. అప్పటి నుండి బడిలో తెలుగు అక్షరము చూచే పిల్లల సంఖ్య తగ్గిపోయింది. బడి ఇవ్వనిదానిని ఇల్లు ఇవ్వాలి. కాని ఇంటిలో తల్లిదండ్రులకే రాకపోతే ఎవరు ఇస్తారు?

ఆదివారము మా పిల్లలు పాడే పాటలను గమనించాము. తెలుగు పాటనే తమిళ అక్షరాలలో వ్రాసుకొని పాడుతున్నారు. తమిళములో త, ద రెండింటికీ ఒకే అక్షరము. కాబట్టి "తాత" అని వ్రాసినా "దాత" అని వ్రాసినా చూపునకు ఒకటే. "పాట", "బాట" ఒకటే. "కాలి", "గాలి" ఒకటే. పెద్దలు పాడగా విన్న పిల్లవాడు సరిగా పాడుతాడు. వినని పిల్లవాడు దాతను తాత చేసి పాడుతాడు. వినిపించే పెద్దలు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్న ఈ కాలములో ఇది చిన్న సంగతి కాదు.

2. మొదట మేము చేసిన పొరబాటు

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినవారమే. పాఠము చెప్పక ముందు విద్యార్థిని తెలుసుకోవాలని మాకు నేర్పారు. అయినా చేతికి ఫోను రాగానే ఆ మాట మరచిపోయాము. వాట్సాప్‌లో ఒక గుంపు పెట్టి, నల్లబల్ల ముందు నిలుచుండి తీసిన వీడియోలను దినమునకు ఒకటి చొప్పున పంపించాము. మొదటి వారము అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. రెండవ వారము కొందరు పెట్టారు. రెండు నెలలకు ఆ గుంపులో శుభోదయము బొమ్మలు తప్ప మరేమీ మిగలలేదు.

అప్పుడు ఇండ్లకు వెళ్లి అడిగాము. వచ్చిన జవాబులు మాకు సిగ్గు కలిగించాయి. బీడీలు చుట్టే ఒక సహోదరి ఒడిలో చాట పెట్టుకొని పని ఆపకుండానే చెప్పింది: "అయ్యగారూ, ఫోను చూస్తే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే కూలి ఆగుతుంది. మీరు చూడమని పంపితే ఎట్లా? వినమని పంపండి."

మరమగ్గము నడిపే సహోదరుడు దీనికి విరుద్ధముగా చెప్పాడు. ఆ మగ్గముల చప్పుడులో పక్కనున్నవాని మాట వినబడదు, ఇక ఫోను మాట ఏమి వినబడుతుంది? అతనికి రాత్రి భోజనము తరువాత పది నిమిషాలు కంటితో చూచే పాఠము కావాలి. ఆంబూరు వైపు చెప్పుల కంపెనీకి పోయే అమ్మాయికి పనిచేసే చోట ఫోను తీసే వీలు లేదు, రాకపోకలలోనే తీరిక. బడి పిల్లలకైతే ఫోను తండ్రి జేబులో ఉన్నది, తండ్రి రాత్రి తొమ్మిదికి గాని ఇంటికి రాడు.

ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు. దేశములోని గ్రామీణ ప్రాంతములలో జరిపే అసర్ సర్వే 2021లో తెలిపిన లెక్క చూడండి. బడిలో పేరున్న పిల్లల ఇండ్లలో స్మార్టుఫోను ఉన్నవి 2018లో నూటికి 36.5 ఉండగా, 2021 నాటికి 67.6 అయ్యాయి. అయితే ఫోను ఉన్న ఇండ్లలో కూడా నాలుగవ వంతుకు మించిన పిల్లలకు అది చేతికి అందడము లేదు. ఇంటిలో ఫోను ఉండుట వేరు, పిల్లవాని చేతికి అది వచ్చుట వేరు. ఈ తేడా తెలియక వేసిన పథకము ఇసుక మీద కట్టిన ఇల్లే.

3. ఈ దారిలో ముందు నడిచినవారు

సంచార విద్య అనగానే ఫోనుతో పుట్టినదని అనుకుంటాము. విద్యను, వైద్యమును ప్రజల వద్దకే తీసుకొనిపోయినవారు మనకు ముందే ఉన్నారు. వారిలో ఒకరు నడిచినది మేము ఇప్పుడు నడుస్తున్న ఈ వేలూరు–గుడియాత్తం దారిలోనే.

డాక్టరు ఐడా స్కడర్ గారు 1870లో రాణిపేటలో పుట్టి, అమెరికాలో వైద్యము చదివి, 1900లో వేలూరికి వచ్చారు. 1902లో ఇక్కడ స్త్రీలకు ఆసుపత్రి ఏర్పడింది. అయితే ఆసుపత్రి దాకా రాలేనివారే ఎక్కువని ఆమె త్వరలోనే గ్రహించారు. అందుచేత ఆసుపత్రే వారి దగ్గరకు పోవాలని, 1910కి ముందే గుడియాత్తం వైపు దారిలో వారానికి ఒకసారి మందులతో బయలుదేరే ఏర్పాటు చేశారు. తరువాత ఒక చిన్న ఫ్రెంచి మోటారుకారు కూడా ఆ పనికి వచ్చింది. కొన్ని చెట్ల క్రింద బండి ఆగేది. రోగులు ముందుగానే వచ్చి కూర్చుండేవారు. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ప్రారంభమైన పిమ్మట విద్యార్థినులు కూడా ఆమె వెంట ఆ దారిలో వెళ్లి, చెట్టు నీడలో రోగిని చూచుట నేర్చుకున్నారు. కాబట్టి అది సంచార వైద్యము మాత్రమే కాదు, సంచార విద్య కూడా.

ఇదే దారిలో కె.వి. కుప్పం వద్ద కావనూరులో, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు 1977లో రూషా అనే గ్రామీణ ఆరోగ్య, సామాజిక విభాగమును స్థాపించారు. రోగమునకు మందు ఇచ్చుటతో ఆగక, గ్రామస్థులకు చేతిపనులు, జీవనోపాధి నేర్పుట కూడా దాని పనిలో భాగమైనది. నడిచే బండి ఆగిన దారిలోనే తరువాత స్థిరమైన చోటు ఏర్పడుట గమనించదగినది.

పుస్తకముల విషయములో కూడా ఇట్టివి జరిగాయి. 1931 అక్టోబరు 21న తంజావూరు ప్రాంతములోని మన్నార్‌గుడిలో కనకసభై పిళ్లై గారు ఎద్దులబండి మీద గ్రంథాలయమును నడిపించారు. మన తెలుగు దేశములో 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద గ్రంథాలయము నడిపారు. ఎద్దులు తెలిసినవారు ఎద్దులను, కాలువ ఉన్నవారు పడవను వాడుకున్నారు. నేడు మన చేతిలో ఫోను ఉన్నది.

ఈ సాక్ష్యములను పక్కపక్కన పెట్టి చూచి, మేము గ్రహించిన సత్యము ఒక్కటే. కదిలే సాధనము ఏదైనా సరే, దాని వెనుక కదలని ఏర్పాటు ఉండాలి. ఏ దినము, ఏ చోట, ఎవరు వస్తారు అనే మూడు సంగతులు తెలిసినందువల్లనే రోగి చెట్టు క్రింద వచ్చి కూర్చున్నాడు. బండి ఎప్పుడు వచ్చునో తెలియకపోతే ఎవరు కూర్చుంటారు? మా వీడియోలలో కదిలేదంతా ఉన్నది. కదలనిది ఏదీ లేదు. అందుకే అది నిలువలేదు.

మహమ్మారి కాలములో ప్రభుత్వము కూడా ఈ పాఠము నేర్చుకున్నది. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు టీవీలోను ఫోనులోను పాఠములు నడిచాయి. అయినా పిల్లలు వెనుకబడ్డారని తెలిసి, తమిళనాడులో 2021 అక్టోబరులో "ఇల్లం తేడి కల్వి" అనే పథకము పెట్టారు. ఇల్లు వెదుక్కుంటూ వచ్చే చదువు అని దాని భావము. సాయంకాలము ఇంటి దగ్గరలోనే స్వచ్ఛంద సేవకులు పిల్లలను కూర్చోబెట్టి చదివించారు. మొదట యంత్రము వెళ్లింది, తరువాత మనిషి వెళ్లవలసి వచ్చింది. మనము రెండింటినీ మొదటి నుండే కలిపితే కాలము మిగులుతుంది.

4. పథకము వేసుకొనే క్రమము

ఇప్పుడు మేము రెండవసారి వేసుకున్న పథకమును మెట్లుగా చెప్పుతాము. ఒక మెట్టు ఎక్కక మరియొక మెట్టుకు పోవద్దు.

మొదటి మెట్టు: ఇంటి పరిచయము. పాఠము తయారు చేయక ముందే ప్రతి ఇంటికీ ఇద్దరు వెళ్లాలి. ఒక కాగితము మీద అయిదు ప్రశ్నలకు జవాబు వ్రాసుకోవాలి. ఫోను ఎవరిది? అది మామూలు బటన్ల ఫోనా, స్మార్టుఫోనా? ఏ వేళ ఖాళీ? ఆ వేళ ఖాళీగా ఉండేది చెయ్యా, చెవా, కన్నా? తెలుగు నేర్చుకొని మొదట ఏమి చదవాలని కోరిక? ఈ చివరి ప్రశ్నకు వచ్చిన జవాబులు మమ్మల్ని కదిలించాయి. ఒకామె తన తల్లి వ్రాసిన ఉత్తరములు చదవాలన్నది. ఒక తండ్రి, చిత్తూరులోని పొలము కాగితము చదవాలన్నాడు. ఒక పిల్లవాడు బస్సు మీద ఊరి పేరు చదవాలన్నాడు.

రెండవ మెట్టు: ఒకే లక్ష్యము. "తెలుగు భాషాభివృద్ధి" అని వ్రాసుకుంటే అది తీర్మానము అవుతుంది గాని లక్ష్యము కాదు. మేము ఇలా వ్రాసుకున్నాము: "ఆరు నెలల తరువాత, మునుపు చూడని ఒక పుట తెలుగును నేర్చుకొన్నవారు తమంతట తాము చదవాలి. తమ పేరు, ఊరు, నాలుగు వరుసల ఉత్తరము వ్రాయాలి." ఇంతే. పద్యములు, వ్యాకరణము తరువాత చూచుకోవచ్చును.

మూడవ మెట్టు: దినము, చోటు, మనిషి. సోమవారము, గురువారము రాత్రి ఎనిమిది గంటలకు పాఠము ఫోనుకు వస్తుంది. శనివారము సాయంకాలము ఒక ఇంటి అరుగు మీద ముప్పావుగంట కూడిక. ఆ అరుగు మారదు, ఆ వేళ మారదు, వచ్చే ఉపాధ్యాయుడు మారడు. వాన వచ్చినా, నలుగురే వచ్చినా కూడిక జరుగుతుంది. ఒక్క శనివారము మనము మానితే వారు రెండు శనివారములు మానుతారు.

నాలుగవ మెట్టు: చిన్న పాఠము. ఒక్కొక్క పాఠము అయిదు నిమిషాలు మించకూడదు. వినే పాఠము, చూచే పాఠము రెండూ వేరువేరుగా చేయాలి. మాట మాత్రము రికార్డు చేస్తే డేటా తక్కువ పడుతుంది, అదే నిడివి వీడియోకు ఎన్నో రెట్లు పడుతుంది. చూచే పాఠమునకు వీడియో అక్కరలేదు. తెల్లకాగితము మీద పెద్ద అక్షరములతో వ్రాసి తీసిన ఒక ఫోటో చాలును. బీడీలు చుట్టే సహోదరి పగలు వింటుంది, రాత్రి పొయ్యి ఆర్పిన తరువాత ఆ ఫోటో ఒక్కసారి చూస్తుంది. బటన్ల ఫోను ఉన్నవారికి మెమరీ కార్డు పట్టే ఫోనైతే పాఠములను దానిలో ఎక్కించి ఇవ్వవచ్చు. అదీ లేకపోతే ఉపాధ్యాయుడే ఫోను చేసి పాఠము చెప్పాలి.

అయిదవ మెట్టు: తిరుగు జవాబు. పాఠము పంపితే సరిపోదు. నేర్చుకొనేవారు అయిదు మాటలు చదివి తమ గొంతుతో తిరిగి పంపాలి. ఉపాధ్యాయుడు మరునాటి లోపల ఒక్కొక్కరికి వేరుగా జవాబు ఇవ్వాలి. గుంపులో అందరి ముందు తప్పులు దిద్దవద్దు. నలభై ఏండ్ల స్త్రీ తన కూతురు చూస్తుండగా తప్పు చదివితే మరల నోరు తెరవదు. ఈ కారణము చేతనే ఒక ఉపాధ్యాయునికి పదిమందిని మించి అప్పగించవద్దు.

5. తమిళము వచ్చినవారికి తెలుగు అక్షరముల వరుస

ఇక్కడ మన శిక్షణ కళాశాలలో నేర్చుకున్న మాట ఒకటి జ్ఞాపకము చేసుకోవాలి: తెలిసినదాని నుండి తెలియనిదానికి పోవాలి. మన పిల్లలు అక్షరము తెలియనివారు కారు. వారికి తమిళ అక్షరము బాగుగా తెలుసు. చిన్న పిల్లవానికి చెప్పినట్లు అ, ఆలతో మొదలుపెట్టి ఏండ్లు గడపనక్కరలేదు.

తమిళములో అచ్చులు పన్నెండు. అ ఆ, ఇ ఈ, ఉ ఊ, ఎ ఏ ఐ, ఒ ఓ ఔ. ఇవే మన తెలుగులోను, ఇదే వరుసలో ఉన్నవి. పొట్టి ఎ, పొడుగు ఏ తేడా కూడా రెండు భాషలలోను ఉన్నది. కాబట్టి అచ్చులలో నేర్పవలసినది ధ్వని కాదు, ఆకారము మాత్రమే. దీనికి రెండు వారములు చాలును.

రెండవది, ఒక ధ్వనికి ఒక అక్షరముగా సరిపోయే హల్లులు. మ, న, య, ర, ల, వ, ళ, ణ. వీటితోనే ఎన్నో మాటలు వస్తాయి: వాన, నీరు, ఊరు, మామ, వల, నూనె, వేలు, నెల. మూడవ వారములోనే మాటలు చదువగలిగితే వారికి ధైర్యము కలుగుతుంది. ఆ ధైర్యమే పాఠశాలకు పునాది.

మూడవది, జంట అక్షరములు. ఇదే అసలు కష్టము. తమిళములో ఒక అక్షరమునకు తెలుగులో రెండు వస్తాయి: క–గ, చ–జ, ట–డ, త–ద, ప–బ. వీటిని విడివిడిగా నేర్పవద్దు, జంటగానే నేర్పండి. తాత–దాత, పాట–బాట, కాలి–గాలి, కోట–గోడ అని చెవికి వినిపించి, కంటికి చూపించి, ఏది ఏదో వారి చేతనే చెప్పించాలి. ఇది వినే పాఠమునకు చక్కగా సరిపోతుంది. దీనికి రెండు నెలలైనా పట్టనివ్వండి. తొందర వద్దు.

నాలుగవది, వత్తులు. తమిళములో "అమ్మా" అని వ్రాసేటప్పుడు మొదటి మకారము నెత్తిన చుక్క పెట్టి, రెండవది పక్కన వ్రాస్తారు. తెలుగులో ఆ రెండవది మొదటిదాని క్రిందికి చేరుతుంది. "పక్కన ఉన్నది కిందికి దిగింది" అని చెబితే పిల్లలు నవ్వి, వెంటనే పట్టుకుంటారు. అమ్మ, అక్క, అన్న, అవ్వ, అత్త. ఇంటిలోని మనుష్యులతోనే వత్తులన్నీ మొదలుపెట్టవచ్చు. ఖ, ఘ, ఛ, థ, ధ, భ వంటి ఒత్తు పలుకు అక్షరములు అన్నిటికంటె చివర.

మాటలను ఎన్నుకొనునప్పుడు వారి బ్రదుకులో నుండే ఎన్నుకోవాలి. దీనికి మన నెల్లూరు జిల్లా గొప్ప ఉదాహరణ. 1990 దశకము ఆరంభములో అక్కడ సాగిన అక్షరాస్యతా ఉద్యమములో, సారా దుకాణమును మూయించిన సీతమ్మ కథ ఒక పాఠముగా ఉండేది. దూబగుంట స్త్రీలు ఆ పాఠము చదివి, తమ ఊరిలో అదే పని చేశారు. ఆ నిప్పు ఊరూరా వ్యాపించి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధము వచ్చింది. బొమ్మల పుస్తకములో ఉన్న ఆపిల్ పండు, గుర్రపు బండి నేర్పి ఉంటే ఇది జరిగేదా? మన పాఠములలో చాట, మగ్గము, చీటీ, రేషను కార్డు, ఆసుపత్రి చీటి ఉండాలి.

6. ఖర్చు, జాగ్రత్తలు

ఈ పనికి కొత్త ఫోనులు కొనవద్దు. కొన్న ఫోను పాడైన దినమున పథకము పాడవుతుంది. ఇంటిలో ఉన్న ఫోనుకు తగినట్లు పాఠమును చిన్నదిగా చేసుకోవాలి. ఖర్చు అయ్యేది మూడింటికే: ఉపాధ్యాయుని బస్సు చార్జీ, రీచార్జి చేసుకోలేని ఇంటికి సహాయము, ప్రతివానికి ఒక నాలుగు గీతల నోటుపుస్తకము, పెన్సిలు. వ్రాత లేని చదువు నిలువదు. ఫోను మీద వేలితో నొక్కుట వ్రాత కాదు.

పిల్లల విషయములో మిక్కిలి జాగ్రత్త అవసరము. తల్లిదండ్రుల ఫోనుకే పాఠము పంపాలి. ఆడపిల్లల నంబరు గుంపులో అందరికీ కనిపించేలా పెట్టవద్దు. అక్కడ సందేశము పెట్టే అధికారము ఉపాధ్యాయులిద్దరికే ఉండాలి. శనివారపు కూడికలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. పిల్లల ఫోటోలు తీసి ఊరంతా పంపవద్దు. 2023లో మన దేశములో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిది ఏండ్ల లోపు వారి సమాచారము తీసుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని చెప్పుచున్నది. చట్టము చెప్పినా చెప్పకపోయినా అది మన బాధ్యతే.

7. ఫలితమును కొలుచుట

ఫోనులో పాఠము పక్కన నీలి గుర్తులు కనబడగానే "చూశారు" అని సంతోషిస్తాము. చూచుట చదువుట కాదు. ఎంతమందికి పంపామో లెక్క వ్రాయవద్దు. ఎంతమంది చదివారో వ్రాయండి. నెలకు ఒకసారి, వారు ఎన్నడూ చూడని పది మాటలు చేతితో వ్రాసి ఇచ్చి చదివించాలి. ఆరుగురు చదివి నలుగురు చదవలేకపోతే, ఆ నలుగురి వద్ద తప్పు వెదకక మన పాఠములో తప్పు వెదకాలి.

మానినవారి ఇంటికి ఆ వారములోనే వెళ్లాలి. మా అనుభవములో మానుటకు కారణము చదువు మీద ఇష్టము లేకపోవుట కాదు. పనివేళ మారుట, ఫోను తాకట్టులో ఉండుట, ఇంటిలో రోగము, ఇట్టివే. అడిగితేనే తెలుస్తుంది.

చివరిగా, ముగింపు దినము ముందే చెప్పాలి. అంతము లేని పథకము ఉపాధ్యాయుని అలసిపోజేస్తుంది. ఆరు నెలలు ముగిసిన తరువాత, చదువు వచ్చిన ప్రతివారు తమ ఇంటిలో ఒకరికి నేర్పాలి. అక్కడితో మన అరుగు మరొక వీధికి మారుతుంది. నడిచే బడి నడవవలసినది అప్పుడే.

ముగింపు

ఆ నోటుపుస్తకము సంగతి చెప్పి ముగిస్తాము. ఆ మనుమరాలు ఇప్పుడు శనివారపు కూడికకు వస్తున్నది. మొన్న ఒక సాయంకాలము ఆ పుస్తకము తీసికొని వచ్చి, అవ్వ వ్రాసిన మొదటి పుటను అరుగు మీద కూర్చుండి చదివింది. వత్తు వచ్చిన చోటనెల్లా ఆగింది. "బాకీ" అనే మాటను మొదట "పాకీ" అని చదివి, తానే దిద్దుకున్నది. చివరి పుట మాత్రము తెరవలేదు. "అది ఆగకుండా చదవడం వచ్చినాక చదువుకుంటా తాతయ్యా" అన్నది. మేమును తొందరపెట్టలేదు.

మన సంఘములలో ఇట్టి పుస్తకములు, ఉత్తరములు, పటముల వెనుక వ్రాతలు ఎన్ని పెట్టెలలో ఉన్నవో! చదివి చెప్పగల పెద్దలు ఉండగానే చదువగల పిల్లలను సిద్ధపరచుదము. ఫోను మన చేతిలోనే ఉన్నది. ఇక కావలసినది ఒక అరుగు, ఒక శనివారము, మానకుండా వచ్చే ఒక మనిషి.

చర్చకు ప్రశ్నలు

1. మీ సంఘములో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేనివారు ఎందరు? వారు ఏ భాష అక్షరములు ఎరుగుదురు? ఆ భాషకు, తెలుగుకు సరిపోయే అక్షరములు ఏవి, సరిపోనివి ఏవి?

2. మీ ఊరిలో నేర్చుకొనేవారికి ఏ వేళ తీరిక? ఆ వేళ వారి చెవి ఖాళీయా, కన్ను ఖాళీయా?

3. వారానికి ఒక దినము, ఒకే చోటికి, ఆరు నెలలు మానకుండా రాగలవారు మీలో ఎవరు? వారి పేర్లు వ్రాసిన తరువాతనే పథకము వ్రాయండి.

4. మీ ఇంటిలో తెలుగులో వ్రాసిన పాత కాగితము ఏదైనా ఉన్నదా? దానిని మీ ఇంటి పిల్లలలో ఎవరు చదువగలరు?